ఇన్సులిన్ దాకా వచ్చిందంటే తప్పు నాదేనా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. చెన్నై పెరంబూరులో ఉంటాం, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. షుగరు వచ్చి 12 ఏళ్లయింది. మొన్న మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో (HbA1c) 9.4 శాతం రావడంతో డాక్టరుగారు ఇన్సులిన్ మొదలుపెట్టమన్నారు. "నోరు కట్టుకోలేదు, ఇప్పుడు అనుభవిస్తోంది" అని మా ఇంట్లోవాళ్లు, చివరికి మా అబ్బాయి కూడా అంటున్నారు. ఈ మధ్య ఒక పెళ్లిలో ఆకులో జాంగ్రీ వడ్డించబోతే, మా ఆడపడుచు "ఆవిడకి వద్దు, షుగరు" అని పంక్తిలో అందరికీ వినబడేలా చెప్పి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పటినుంచీ నలుగురిలో భోజనానికి కూర్చోబుద్ధి కావడం లేదు. మధ్యాహ్నం మాత్ర బళ్లో తరచూ మరిచిపోతున్న మాట నిజమే. మిషనులో 212 చూపిస్తే నోటుబుక్కులో 162 అని రాసిన రోజులూ ఉన్నాయి. ఇదంతా నా స్వయంకృతమేనా?
— పేరు వద్దన్న పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, జబ్బు ఎందుకు వచ్చి ఇంతదాకా ముదిరిందన్నది ఒక ప్రశ్న, ఇకమీదట దాన్ని చూసుకోవలసింది ఎవరన్నది ఇంకొక ప్రశ్న. మీ ఇంట్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు, మీరూ అలాగే ఆలోచిస్తున్నారు.

టైప్ 2 మధుమేహానికి వంశంలో వచ్చే లక్షణం, పొట్ట చుట్టూ చేరే కొవ్వు, వయసు, తిండి, కదలిక లేని పని అన్నీ కలిసి కారణమవుతాయి. పెద్దగా లావు లేకపోయినా మన దేశంవాళ్లకు ఇది తొందరగా వస్తుంది. మీ ఊళ్లోనే, చక్కెర హద్దుకు దగ్గరగా ఉన్నవారిపై జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో మూడేళ్లలో 55 శాతం మందికి మధుమేహం రాగా, తిండీ నడకా మార్చుకోవడానికి క్రమం తప్పకుండా సాయం పొందినవారిలో అది 39 శాతానికి తగ్గింది. శ్రమకు ఫలితం ఉందని ఇది చెబుతోంది, అందుకే నడవమని అందరికీ చెబుతాం. కానీ ఆ 39 శాతం మందీ శ్రద్ధ తీసుకున్నవారే కదా, వాళ్లను నోరు కట్టుకోలేదని ఎలా అంటాం?

ఇన్సులిన్ సంగతీ అంతే. క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలు ఏటేటా నీరసిస్తూ పోవడం ఈ జబ్బు స్వభావం. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ప్రధాన ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో, తొమ్మిదేళ్లు గడిచేసరికి ఒకే రకం మందుతో చక్కెరను లక్ష్యం లోపల ఉంచుకోగలిగినవారు దాదాపు నాలుగో వంతు మాత్రమే. పన్నెండేళ్ల తర్వాత మీకు ఇన్సులిన్ అవసరపడడాన్ని శిక్షగా ఎంచి, డాక్టరుగారిని బతిమాలి వాయిదా వేయించుకోకండి. ఆ వాయిదా కళ్లకూ మూత్రపిండాలకూ చేటు చేస్తుంది.

ఇక మీ చేతిలో ఉన్నవాటి గురించి కూడా దాచకుండా చెప్పాలి. మధ్యాహ్నం మాత్ర మానడం వల్ల చక్కెర పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుగారికి తెలియకపోతే మోతాదు తప్పుగా నిర్ణయించే ప్రమాదం ఉంది. రోజుకు ఒకటి రెండు సార్లతో సరిపోయే మందులున్నాయి, బడి వేళలు చెప్పి అడగండి. నోటుబుక్కులో తగ్గించి రాసిన అంకె విషయంలో మాత్రం నాకు మీ మీద కంటే మీ చుట్టూ ఉన్నవారి మీదే కోపం వచ్చింది. 212 అని రాస్తే తిట్లు తప్పవని తెలిసిన మనిషి 162 అనే రాస్తుంది. మూడు నెలల సగటు పరీక్షకు ఆ పుస్తకంతో పని లేదు, నిజం ఎలాగూ బయటపడుతుంది. అయితే ఏ పూట, ఏం తిన్నాక పెరుగుతోందన్నది ఆ పుస్తకంలోనే తెలియాలి. ఇన్సులిన్ మోతాదు దాన్ని చూసే సవరిస్తారు, కాబట్టి ఇకమీదట అబద్ధపు అంకె నేరుగా ప్రాణం మీదికి తేగలదు.

మీ ఆడపడుచుగారికీ అబ్బాయికీ ఈ జవాబు చదివి వినిపించండి. ఇన్సులిన్ వేసుకునే మనిషికి చక్కెర మరీ పడిపోయి చేతులు వణికి, చెమటలు పోసి, తల తిరిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎప్పుడూ తీపికి అడ్డం పడడమే అలవాటైన ఇంట్లో ఆ క్షణాన చక్కెర డబ్బా అందించడానికి చెయ్యి రాకపోవచ్చు, నా భయమంతా అదే. తల్లికి మధుమేహం ఉంది గనుక అబ్బాయి కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం. అన్నం తగ్గించి కూరా పప్పూ పెంచిన భోజనం మీ ఒక్కరికే వేరుగా వండకుండా ఇంటిల్లిపాదీ తింటే, పంక్తిలో మిమ్మల్ని వేలెత్తి చూపవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఈసారి వెళ్లినప్పుడు ఒక వారం పాటు ఉన్నదున్నట్టు రాసిన అంకెలూ, మాత్ర మానిన రోజులూ డాక్టరుగారి ముందు పెట్టండి. కంటి రెటీనా, పాదాలు, మూత్రంలో ఆల్బుమిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే మూత్రంలోకి వచ్చే ప్రొటీన్) పరీక్షలు జరిగి ఏడాది దాటి ఉంటే అవి కూడా అప్పుడే రాయించుకోండి.