ట్రక్కు నడపడం కాదు, అందులో నిద్రపోవడం నేర్చుకోండి

ఈసారి మల్కాజిగిరిలో అమ్మ దగ్గర మూడు వారాలున్నాను. ఉన్నన్ని రోజులూ ఒకటే ప్రశ్న. "అక్కా, మొగుడూ పెళ్లాం కలిసి ట్రక్కు నడిపితే అమెరికాలో బాగా వస్తాయట కదా?" చాలామంది ఊరికే అడిగారు. ఉప్పల్ నుంచి వచ్చిన ఒక జంట మాత్రం నిజంగానే బయల్దేరుతోంది. ఇద్దరికీ నలభై దాటాయి. అమెరికాలో ఉన్న వాళ్ల అన్నగారు గ్రీన్‌కార్డు కోసం ఎప్పుడో వేసిన పిటిషన్‌కి ఇన్నేళ్లకు మోక్షం వచ్చింది. ముంబయిలో ఇంటర్వ్యూ అయింది, వీసాలు చేతికొచ్చాయి. అతన్ని తమ్ముడనీ, ఆమెను మరదలనీ అంటున్నాను. తమ్ముడు క్యాబ్ నడుపుతాడు, మరదలికి స్కూటీ తప్ప మరో బండి తెలీదు. నేనూ మా ఆయనా అమెరికాలో ఆరేళ్లు ఒకే ట్రక్కులో తిరిగాం కాబట్టి కూర్చోబెట్టి చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

గ్రీన్‌కార్డు మీద వెళ్తున్నవాళ్లకే ఈ మాటలు. "ట్రక్కు డ్రైవర్ వీసా ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే వాళ్లిచ్చిన చాయ్ తాగి లేచి వచ్చేయండి. ట్రక్కు డ్రైవర్లకు వర్క్ వీసాలు ఆపేస్తున్నామని 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే చెప్పింది. హెచ్‌1బీ మీద ఉన్న మనిషి పక్క ఆదాయం కోసం స్టీరింగ్ పట్టుకోవడం కూడా కుదరదు.

ఇక లెక్క. అక్కడి చట్టం ప్రకారం ఒక డ్రైవరు 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక, ఆ తర్వాతి 14 గంటల్లో 11 గంటలే నడపాలి. ఒక్కడే ఉంటే ఆ 10 గంటలూ బండి ఆగిపోతుంది. ఇద్దరుంటే ఒకరు నడుపుతుంటే రెండోవాళ్లు సీట్ల వెనకుండే మంచంలో, అంటే బంక్‌లో పడుకుంటారు, బండి ఆగదు. లాస్‌ఏంజెలిస్ నుంచి న్యూజెర్సీకి దాదాపు 2,800 మైళ్లు. ఒంటరి డ్రైవరుకి ఐదు రోజులు, జంటకి రెండు రోజుల పైచిలుకు. అందుకే కంపెనీలకు భార్యాభర్తలంటే అంత ముద్దు. ఒకే ఇల్లు, ఒకే సెలవు, గొడవపడి మధ్యలో దిగిపోరని ఆశ. అయితే మైలుకి ఇన్ని సెంట్ల జీతమని వాళ్లు చెప్పేటప్పుడు ఒకటే అడగండి: ఇది మనిషికా, ట్రక్కుకా? ట్రక్కుకైతే అందులో సగమే మీది. ఈ ముక్క అడగకుండా సంతకం పెట్టి, మొదటి జీతం చూసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

డబ్బు మాట అక్కడితో ఆపేశాను. అసలు కష్టం వేరే ఉంది: కదిలే బండిలో నిద్రపోవడం.

మొదటి నెల నాకు నిద్ర పట్టలేదు. వయోమింగ్‌లో ఐ-80 హైవే మీద గాలి వెనకున్న సరుకు పెట్టెని, అంటే ట్రైలర్‌ని పక్కకు తోస్తుంటే, బంక్ బెల్టు పెట్టుకుని (బండి కదులుతుంటే అది తప్పనిసరి) కళ్లు తెరుచుకుని పడుకునేదాన్ని. ఆయన బ్రేకు వేసిన ప్రతిసారీ గుండె జారేది. "ఎందుకు వేశావ్?" అని తెర వెనక నుంచి అరిచేదాన్ని. ఆయనకు చిరాకు. ఒకరోజు రెస్ట్ ఏరియాలో ఆపి గంటసేపు పోట్లాడుకున్నాం. ఆ రోజు పెట్టుకున్న నిబంధన ఆరేళ్లూ తప్పలేదు. బంక్‌లో ఉన్నవాళ్లు డ్రైవింగ్ గురించి నోరెత్తకూడదు, నడిపేవాళ్లు కళ్లు మూతలు పడితే ఎవర్నీ అడగకుండా ఆపేయాలి. లోడ్ ఆలస్యమైతే లోడ్లు అప్పగించే డిస్పాచర్ తిడతాడు, అంతేగా.

రాత్రి ఎవరు, పగలు ఎవరు అన్నది ముందే తేల్చుకోండి, తేల్చుకున్నాక మార్చకండి. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా ఆయన, తర్వాత నేను. సెలవు రోజున కూడా దాదాపు అవే వేళలు. దారిలో టైమ్ జోన్లు మారినా మా గడియారం ఒకటే. లాగ్ (ఎవరు ఎన్ని గంటలు నడిపారన్న రికార్డు) కూడా కంపెనీ ఊరి టైమ్‌లోనే నడుస్తుంది. ఇంకోమాట, అందరూ నవ్వుతారు గానీ నిజం: ఉన్న మంచం ఒకటే అయినా ఇద్దరం ఒకేసారి పడుకునేది వారానికి ఒక రాత్రి.

మరదలికి విడిగా ఒకటి చెప్పాను. కొన్ని జంటల్లో ఆయనే అన్నీ నడుపుతాడు, ఆమె పేరు మీద లాగ్ తిరుగుతుంటుంది. అది నేరం. పైగా పద్దెనిమిది గంటలు నడిపిన మనిషి వెనక మీరు పడుకుంటున్నారన్నమాట. 53 అడుగుల ట్రైలర్‌ని రివర్స్‌లో సరుకు దించే డాక్‌కి పెట్టడం ఇద్దరికీ రావాలి. స్కూటీ నడిపే అమ్మాయి అంత బండి నడపగలదా అని తమ్ముడు నవ్వాడు. క్యాబ్ అలవాట్లు ఏవీ లేని మనిషి తొందరగా నేర్చుకుంటుందని నా అనుభవం.

శిక్షణ సంగతికి వస్తే, 2022 ఫిబ్రవరి నుంచి గుర్తింపు ఉన్న స్కూల్లో నేర్చుకోకుండా కమర్షియల్ లైసెన్సు పరీక్షకి పంపరు. లెర్నర్ పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగాలి. ఇక్కడి హెవీ లైసెన్సు అక్కడ పనికిరాదు. లైసెన్సు వచ్చాక కొన్ని వారాలు ట్రైనర్‌తో తిరగాలి. ఇద్దర్నీ ఒకే ట్రైనర్‌కి ఇస్తారా, విడదీస్తారా, ఆమెకు ఆడ ట్రైనర్ ఉందా అని చేరకముందే రాయించుకోండి. ఇంగ్లిష్ బోర్డులు చదవడం, తనిఖీ అధికారికి జవాబివ్వడం రాకపోతే 2025 జూన్ నుంచి బండి అక్కడికక్కడే ఆపేస్తున్నారు. ఉప్పల్‌లో ఉండగానే రోజూ అరగంట ఇంగ్లిష్‌లో పోట్లాడుకోండన్నాను.

బీపీ 140/90 కంటే తక్కువుంటేనే రెండేళ్ల మెడికల్ కార్డు (డ్రైవరుగా ఆరోగ్యం సరిపోతుందన్న పత్రం) ఇస్తారు, దాటితే గడువు తగ్గుతుంది. గసగసాలు మానేయండి. నవ్వకండి, మాంసం కూర మసాలాలో వేసే ఆ గింజల వల్ల డ్రగ్ టెస్టులో మార్ఫిన్ అనే మత్తుమందు కనిపించే ప్రమాదం ఉంది. తిండికి భయం లేదు. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, ఐ-40 మీద పంజాబీ ధాబాలు.

సొంత ట్రక్కు పేరుతో కంపెనీ ఇచ్చే లీజు మాత్రం మొదటి ఏడాది ముట్టుకోవద్దు. మేం ముట్టుకున్నాం. పద్నాలుగు నెలలు కిస్తీ, డీజిలు, రిపేర్లు వాళ్లే కోసుకున్నాక బండీ వాళ్లదే, మాది అనుభవం.

చివరికి తమ్ముడు, "మాకు సెట్టవుతుందో లేదో ఇక్కడుండగా తెలుసుకోలేమా?" అన్నాడు. బెంగళూరుకి నైట్ స్లీపర్ బస్సెక్కండి, మర్నాడు తిరిగి రండి, మళ్లీ వెళ్లండి, వరసగా మూడు రాత్రులు పై బెర్తులో, అన్నాను. మొదటి రాత్రి అయ్యాక మరదలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. ఆయన ఎక్కగానే గురక పెట్టాడట, తనకు కర్నూలు దాటినా కునుకు రాలేదట. "ఇప్పుడేం చేయమంటారక్కా?" అంది. రెండో రాత్రి కూడా చూడమన్నాను.