ఆరు నెలల ల్యాబ్రడార్ మీదికి దూకుతోంది, కొరుకుతోంది, కొట్టినా మానట్లేదు. ఏం చేయాలి?

ముందు కొట్టడం ఆపేయండి. ఆ తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నా.

అనంతపురంలో మా ఇంట్లో ఉన్నదీ ల్యాబ్రడారే. అమ్మ పూజకు పూలు కోసుకొస్తుంటే మీదికి దూకి చీర చించింది. కోపంలో పేపర్ చుట్టి రెండు దెబ్బలు వేశాను. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి దూకడమైతే మానలేదు గానీ, చదువుకోవడానికి నేను పేపర్ తీసినా మంచం కిందికి దూరేది. బయటికి లాగబోతే ఒకరోజు గుర్రుమంది. దాని కళ్లలో ఆ భయం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పశువుల డాక్టర్ దాని నోరు తెరిచి చూపించారు. నాలుగు నుంచి ఏడు నెలల్లోపు 28 పాలపళ్లు ఊడి 42 పళ్లు వస్తాయి, ఆ చిగుళ్ల బాధకే ఏది దొరికితే అది కొరుకుతుంది అన్నారు. పాత టవల్ తడిపి, ముడేసి, ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాం. నమిలేటప్పుడు దగ్గరే ఉండండి, పీలికలు మింగేస్తుంది.

దూకడం సంగతి వేరు. అది దూకినప్పుడల్లా మేం అరిచి, చేతులతో తోసేవాళ్లం. దానికి అదొక ఆట. తర్వాత దూకగానే అటు తిరిగి నిలబడి, నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన క్షణంలోనే ఉడికించిన చికెన్ ముక్క పెట్టేవాళ్లం. కాస్త ఆలస్యమైనా దేనికి పెట్టామో దానికి అర్థం కాదు. ఇక్కడ ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. నాన్న మాత్రం దూకినా ముద్దు చేసేవారు. అమ్మ 'కూచో' అంటే తమ్ముడు 'సిట్' అనేవాడు. రెండు వారాలు అలాగే పోయాయి. నాన్నను కూర్చోబెట్టి చెప్పి, అందరం 'కూచో' అనే మాటకే కట్టుబడ్డాక మార్పు కనిపించింది.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త. వేసవిలో ఉదయం ఆరు గంటల్లోపే వాకింగ్ ముగించండి. సాయంత్రమైతే తారు రోడ్డు మీద అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు పెట్టి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కాలతాయి. పగలు ఇంట్లోనే దాని తిండిని గుడ్డ మడతల్లో దాచి వాసనతో వెతకనివ్వండి. దాంతో అలసిపోయి పడుకుంటుంది.

ఆటలోనైనా సరే, పన్ను దిగి రక్తం వస్తే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దానికి రేబిస్ టీకా వేయించారా? పగలు ఎంతసేపు కట్టేసి ఉంచుతున్నారు? ఈ రెండూ చెప్తే ఇంకాస్త వివరంగా రాస్తాను.