ఏ ఫంక్షన్ కాంప్లెక్సిటీ కూడా 15 దాటకూడదని రూల్ పెట్టారు. దీనివల్ల కోడ్ నిజంగా బాగుపడుతుందా?

ప్రశ్న అడిగినాయన వివరంగానే రాశారు: వాళ్ళ కంపెనీలో సోనార్ (కోడ్‌ని తనిఖీ చేసి ఏ ఫంక్షన్ ఎంత చిక్కుగా ఉందో నెంబర్ వేసే టూల్) పెట్టారు, 15 దాటితే బిల్డ్ ఫెయిల్, అంటే ఆ కోడ్ ముందుకు కదలదు, ఇప్పుడు పాత కోడ్ అంతా ఎర్రగా కనిపిస్తోంది, ఎలా తగ్గించాలి అని.

నెంబర్‌కి అర్థం ఉందండీ. రూల్‌కే లేదు.

ముందు మీ 15 ఏ 15 అన్నది చూసుకోండి. పది మందిని అడిగితే తొమ్మిది మందికి తెలియదు, రూల్ పెట్టిన మేనేజర్‌తో సహా. సోనార్‌లో డిఫాల్ట్‌గా వచ్చే 15 కాగ్నిటివ్ కాంప్లెక్సిటీది. థామస్ మెక్‌కేబ్ 1976లో చెప్పింది సైక్లోమాటిక్, ఆయన పెట్టమన్న హద్దు 10. రెండూ వేర్వేరు లెక్కలు. సైక్లోమాటిక్ అంటే కోడ్‌లో ఎన్నిచోట్ల దారి చీలుతుందో లెక్కపెట్టి ఒకటి కలపడం. మూడు ఇఫ్‌లు (ఇలా అయితే ఇది చెయ్యి అనే షరతులు) వరసగా ఉన్నా, ఒకదాని కడుపులో ఒకటి ఉన్నా దానికి తేడా లేదు, 4 అంటుంది. కాగ్నిటివ్ అలా కాదు. వరసగా ఉంటే 3, ఒకదాంట్లో ఒకటి దూరితే ఒకటీ రెండూ మూడూ కలిపి 6. చదివేవాడి తలనొప్పిని లెక్కలోకి తీసుకుందన్నమాట.

మరో ఉదాహరణ. జీఎస్టీ నెంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్ కదా, తెలంగాణకి 36, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కి 37. ఆ కోడ్ ఇస్తే రాష్ట్రం పేరు చెప్పే స్విచ్ (ఒక్కో విలువకీ ఒక్కో కేసు రాసే పద్ధతి) ఒకటి రాయండి. 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు, మొత్తం 36 కేసులు. సైక్లోమాటిక్ 37 చూపించి గగ్గోలు పెడుతుంది. కాగ్నిటివ్ మొత్తం స్విచ్‌కి ఒకటే వేసి ఊరుకుంటుంది. నిన్న చేరిన ఫ్రెషర్ కూడా అర నిమిషంలో చదివేసే కోడ్ అది.

ఇక అసలు సంగతి. నేను చాలాకాలం హోటళ్ళ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేశాను. అందులో టాక్స్ లెక్కకట్టే ఫంక్షన్ ఒకటుండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన హడావుడిలో పుట్టింది. అప్పటి రూల్ ప్రకారం రూమ్ వెయ్యి లోపు ఉంటే టాక్స్ లేదు, వెయ్యి నుంచి 2,500 లోపు 12 శాతం, 2,500 నుంచి 7,500 లోపు 18, 7,500 నుంచి 28. హోటల్లో రెస్టారెంట్ ఉంటే దానికి మళ్ళీ వేరే: ఏసీ అయితే 18, నాన్ ఏసీ అయితే 12. అదే ఏడాది నవంబర్ 15న ఏసీ, నాన్ ఏసీ తేడా తీసేసి 5 చేశారు, కానీ 7,500 అంతకుమించి టారిఫ్ ఉన్న హోటళ్ళ రెస్టారెంట్‌కి 18. మరుసటేడు, బోర్డు మీద రాసిన రేటు కాదు, గెస్ట్ దగ్గర వసూలు చేసిన రేటు చూడాలన్నారు. వచ్చిన ప్రతి మార్పుకీ ఎవరో ఒకరు పాత ఇఫ్ కింద కొత్త ఇఫ్ పెట్టి వెళ్ళారు. పాతవి తీసే వీల్లేదు, ఎందుకంటే పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇవ్వాలంటే పాత రేటే కావాలి. ఫంక్షన్ పైన "దీన్ని ముట్టుకోవద్దు" అని కామెంట్. ఎవరు రాశారో వాళ్ళు అప్పటికే రిజైన్ చేసి వెళ్ళిపోయారు.

సైక్లోమాటిక్ 60. మా దగ్గర కూడా 15 రూల్ వచ్చింది. నెలాఖరు రివ్యూలో డాష్‌బోర్డ్ స్క్రీన్ మీద వేసి ఎర్ర గీతలు చూపించడం మా మేనేజర్‌కి మహా సరదా. డాష్‌బోర్డ్ చూసే అలవాటున్నవాడికి కోడ్ తెరిచే అలవాటుండదు, ఇది నేను చూసిన ప్రతి కంపెనీలోనూ నిజమే.

ఒక శుక్రవారం మా టీమ్‌లో కుర్రాడొకడు కుర్చీ లాక్కుని వచ్చి, "అన్నా, మొత్తం గ్రీన్ అయిపోయింది చూడు" అన్నాడు. చూశాను. కాలిక్యులేట్‌టాక్స్ పార్ట్ వన్, పార్ట్ టూ, అలా పార్ట్ ఫైవ్ దాకా. పెద్ద ఫంక్షన్‌ని కత్తెరతో ఐదు ముక్కలు చేశాడు. ఏ ముక్కా 15 దాటలేదు. చెత్తంతా మంచం కిందికి తోసి ఇల్లు ఊడ్చేశానన్నట్టు. లెక్క మీరే వెయ్యండి: 60 అంటే 59 నిర్ణయాలు. వాటిని ఐదు ఫంక్షన్లకి పంచితే ఒక్కోదానికీ అదనంగా ఒకటి కలుస్తుంది, మొత్తం 64. ఆ ఐదింటినీ పిలవడానికి ఇంకో ఫంక్షన్, 65. తగ్గించమంటే పెరిగింది, డాష్‌బోర్డ్ మాత్రం చప్పట్లు కొట్టింది. పైగా ముక్కలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి ఎనిమిది పారామీటర్లు, అందులో ఈజ్‌స్పెషల్ అనే ఫ్లాగ్ (అవునా కాదా అని మాత్రమే చెప్పే గుర్తు) ఒకటి. ఏమిటి స్పెషల్? రాసినవాడికీ గుర్తులేదు. కుర్రాణ్ని మాత్రం నేను తప్పు పట్టను. వాడికి ఇచ్చిన పని నెంబర్ తగ్గించమనే, తగ్గించాడు.

2019 సెప్టెంబర్ 20న గోవాలో జీఎస్టీ కౌన్సిల్ మీటింగ్. రూమ్ రేట్లు మారాయి, అమలు అక్టోబర్ 1 నుంచి. చేతిలో ఉన్నది పది రోజులు. కొత్త రేట్లు నిజానికి తేలికైనవి: వెయ్యి దాకా లేదు, 7,500 దాకా 12, ఆ పైన 18. అందరం అంకెలు చూశాం గానీ అంచు చూసింది మా టెస్టర్ ఒక్కావిడే. ఆవిడ వచ్చి, "సార్, సరిగ్గా 7,500 రూమ్‌కి 18 పడుతోంది. 12 కదా రావాలి?" అని అడిగింది.

పాత రూల్లో 7,500 పై స్లాబులోది. కొత్త రూల్లో 7,500 కింది స్లాబులోది. 7,501 కైతే తేడా తెలియదు. కోడ్‌లో ఒక్క ఈక్వల్స్ గుర్తు ఇటు నుంచి అటు జరగాలి. పార్ట్ టూలో జరిపాం. పార్ట్ ఫోర్‌లో అదే పోలిక ఇంకోసారి ఉంది, అది ఈజ్‌స్పెషల్‌ని ట్రూ చేస్తుంది, పార్ట్ ఫైవ్ దాన్ని చూసి పై రేటు వేస్తుంది. ముక్కలు చెయ్యకముందు ఆ రెండు పోలికలూ ఒకే స్క్రీన్ మీద, ఒకదాని కింద ఒకటి ఉండేవి. కాంప్లెక్సిటీ 60 ఉన్న ఫంక్షన్ భయపెట్టేది గానీ అబద్ధం చెప్పేది కాదు.

ఆ తలనొప్పి తీరకముందే ఇంకోటి. సెప్టెంబర్‌లో ఉండి వెళ్ళిన కార్పొరేట్ గెస్ట్‌కి బిల్లు అక్టోబర్‌లో వెళ్తుంది, డబ్బు ఎప్పుడో వస్తుంది. పాత రేటా, కొత్త రేటా? జీఎస్టీ చట్టంలో 14వ సెక్షన్ దీని గురించే. మారకముందు సర్వీసు ఇస్తే మూడు సందర్భాలు, మారాక ఇస్తే మూడు సందర్భాలు, మొత్తం ఆరు. మావాళ్ళు చట్టాన్ని పక్కన పెట్టుకుని ఆరింటినీ యథాతథంగా ఇఫ్‌లుగా దించారు, ఒకదాంట్లో ఒకటి. రెండు చోట్ల తిరగబడింది. రివ్యూకి పెడితే ఒకరు "బాగుంది" అని అప్రూవ్ కూడా చేశారు. (కోడ్ రివ్యూ పేరుతో మన దగ్గర జరిగే తంతు గురించి వేరే జవాబు రాయాలి.)

విసుగొచ్చి మా క్లయింట్ హోటల్ లెక్కలు చూసే ఆడిటర్ గారికి ఫోన్ చేశాను. పెద్దాయన. కంప్యూటర్‌లో టాలీ తప్ప ఇంకోటి తెరవరు. ఆరు సందర్భాలూ చదివి వినిపించబోతే మధ్యలోనే ఆపేశారు.

"చూడు నాయనా, సర్వీసు తేదీ, బిల్లు తేదీ, డబ్బు ముట్టిన తేదీ. మూడే కదా? ఏ రెండు అక్టోబర్‌లో పడితే కొత్త రేటు. లేకపోతే పాతది. దీనికింత గందరగోళమెందుకయ్యా?"

ఫోన్ పెట్టేసి ఆరు సందర్భాలూ వేసి చూశాను. అన్నీ సరిపోయాయి. (డబ్బు బ్యాంకులో జమ కావడం ఆలస్యమైతే చిన్న మెలిక ఉంది, దాన్ని పక్కన పెట్టండి.) ఆరు దారులున్న చోట ఒక కూడిక, ఒక పోలిక మిగిలాయి: మూడు తేదీల్లో కొత్తవి ఎన్ని, రెండో అంతకన్నా ఎక్కువో అయితే కొత్త రేటు. ఏ రీఫాక్టరింగ్ టూల్ (చేసే పని మారకుండా కోడ్‌ని తిరిగి సర్దేది) ఇది చేసి పెడుతుందో చెప్పండి. టూల్‌కి ఆ ఆరు ఇఫ్‌లూ ఒకే మాట అని తెలియదు. తెలిసినవాడు ఊళ్ళో ఆడిటర్.

నా అభిప్రాయం ఇదే, ఎవరేమన్నా మార్చుకోను: కోడ్‌లో ఉన్న చిక్కులో ముప్పాతిక భాగం రాసినవాడికి విషయం అర్థంకాక వచ్చిందే. డిజైన్ ప్యాటర్న్‌లు, అంటే కోడ్ అమర్చే పేరున్న పద్ధతులు, తెలియక కాదు. వాటిలో ఒకటైన స్ట్రాటజీ ప్యాటర్న్ పెట్టి ఉంటే ఆరు ఇఫ్‌లు ఆరు క్లాసులయ్యేవి, అంతే తేడా. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పెద్దల్లో ఒకడైన ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే పని స్వభావంలో ఉన్న చిక్కు వేరు, మనం తెచ్చిపెట్టుకున్న చిక్కు వేరు అని విడదీశాడు. టాక్స్ రేటు ఏటా మారడం మొదటి రకం, ప్రభుత్వం దయ. పార్ట్ ఫోర్ రెండో రకం.

ఆ తర్వాత రేట్లన్నీ కోడ్‌లోంచి లాగేసి టేబుల్‌లో పెట్టాం. ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా, కింది హద్దు, పై హద్దు, హద్దు ఆ స్లాబులో కలుస్తుందా లేదా, రేటు. ఫంక్షన్ చేసేది టేబుల్‌లో సరైన వరస వెతకడమే. మార్చేముందు పాత బిల్లులు కొన్ని వేలు డేటాబేస్ నుంచి తీసి, పాత కోడ్‌తో ఒకసారి, కొత్త కోడ్‌తో ఒకసారి నడిపి, పైసాతో సహా పోల్చాం. పాత కోడ్ రైటో రాంగో తర్వాతి సంగతి, ముందు అది ఏం చేస్తోందో పట్టుకోవాలి. ఈ పని చెయ్యకుండా రీఫాక్టరింగ్‌కి దిగేవాళ్ళకి దణ్ణం.

ఆ పోలికలోనే ఇంకో వింత దొరికింది. వేరే రాష్ట్రం గెస్ట్ వస్తే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య జరిగే అమ్మకాలకి పడే జీఎస్టీ) వెయ్యడానికి కోడ్‌లో ఓ పెద్ద బ్రాంచ్, అంటే విడి దారి, ఉంది, దాని కడుపులో మళ్ళీ నాలుగు ఇఫ్‌లు. గెస్ట్ చెన్నై నుంచి వచ్చినా రూమ్ తిరుపతిలో ఉంది కదా, స్థిరాస్తి ఎక్కడుంటే సర్వీసు అక్కడ ఇచ్చినట్టే, కాబట్టి కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీలే పడతాయి. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కంపెనీల సంగతి వేరు, దానికి వేరే వరస ఉంది. ఆ బ్రాంచ్‌ని అకౌంట్స్ వాళ్ళు సెట్టింగ్స్‌లో ఎప్పుడో ఆపేసుకున్నారట, మాకు చెప్పలేదు, మేం అడగలేదు. మొత్తం డిలీట్. కాంప్లెక్సిటీ తగ్గించడంలో డిలీట్‌ని మించిన టెక్నిక్ నాకు తెలియదు.

2022 జూలై 18న వెయ్యి దాకా ఉన్న మినహాయింపు తీసేసినప్పుడు ఒక వరస మూసి ఇంకోటి తెరిచాం. మొన్న 2025 సెప్టెంబర్ 22న 7,500 దాకా ఉన్న రూమ్‌లకి ఇన్‌పుట్ క్రెడిట్ (హోటల్ తన కొనుగోళ్ళ మీద కట్టిన టాక్స్‌ని తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం చేశారు. నేనప్పటికి అక్కడ లేను. ఆ కుర్రాడే ఇప్పుడు లీడ్, క్రెడిట్ కోసం ఒక కాలమ్ అదనంగా పెట్టాల్సి వచ్చిందని చెప్పాడు. టేబుల్ ఉంటే అన్నీ తీరిపోతాయని అనను.

అలాగని నెంబర్లు పనికిరావనుకోకండి. 2013లో అమెరికాలోని ఒక్లహోమాలో టయోటా కారు తనంతట తాను వేగం పుంజుకుందన్న కేసు నడిచింది. కోడ్ పరిశీలించిన మైకేల్ బార్ కోర్టులో సాక్ష్యం చెబుతూ, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే మూత) కోణం లెక్కించే ఫంక్షన్ సైక్లోమాటిక్ వందకు పైనే ఉందని చెప్పారు. ప్రాణాలు ఆధారపడ్డ చోట అలాంటి ఫంక్షన్‌ని ఎవరూ పూర్తిగా టెస్ట్ చెయ్యలేరు. నెంబర్ ఎక్కడ వెతకాలో చెబుతుంది. మామూలుగా లైన్ల సంఖ్య పెరిగితే ఇదీ పెరుగుతుందని 1980ల నుంచే విమర్శ ఉంది, ఉండనివ్వండి, టూల్ ఉచితమే కదా. లిజార్డ్ చాలా భాషలకి పనిచేస్తుంది, పైథాన్‌కి రాడాన్ ఉంది.

మధ్యలో ఒక మాట. ఇంటర్వ్యూల్లో "కోడ్ కాంప్లెక్సిటీ ఎలా తగ్గిస్తావు" అని అడిగితే సగం మంది బిగ్ ఓ (డేటా పెరిగితే ప్రోగ్రాం ఎంత నెమ్మదిస్తుందన్న లెక్క, ఇది వేరే కాంప్లెక్సిటీ) చెప్పేస్తున్నారు, హాష్‌మ్యాప్ వాడతాను సార్ అని. కోచింగ్ సెంటర్లు కాంప్లెక్సిటీ అనగానే అదొక్కటే రుద్దుతున్నాయి. ఇంకోవైపు ఏఐ టూల్స్ అడిగిందే తడవుగా నలభై ఇఫ్‌లు రాసి ఇస్తున్నాయి, టైప్ చేసే బాధ ఉన్నప్పుడు కనీసం బద్ధకం కొద్దీ అయినా ఆలోచించేవాళ్ళం.

మీ విషయానికొస్తే, బిల్డ్ ఫెయిల్ రూల్‌ని కొత్తగా రాసిన, మార్చిన కోడ్‌కి మాత్రమే పెట్టమని అడగండి, సోనార్‌లో ఆ వీలుంది. పాత ఫంక్షన్లలో కాంప్లెక్సిటీ ఎక్కువున్నవి ఒక జాబితా, గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) ఈ ఏడాది తరచూ మారిన ఫైళ్ళు ఇంకో జాబితా తీయండి. రెండింట్లోనూ ఉన్నవే ముందు పట్టుకోవాలి. 80 ఉన్నా మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోనిది, ఏ బగ్గూ రానిది అయితే దాని మానాన దాన్ని వదిలెయ్యండి. పట్టుకున్న ఫంక్షన్‌కి రీఫాక్టరింగ్ మొదలుపెట్టేముందు ఆ పని చేతులతో చేసేవాళ్ళెవరో కనుక్కుని, అకౌంట్స్ అయినా స్టోర్స్ అయినా, టీ తాగుతూ ఒక గంట కూర్చోండి. టైమ్‌షీట్‌లో ఆ గంట ఏ కోడ్ కింద రాయాలని మాత్రం నన్నడగొద్దు, మా దగ్గర మీటింగ్ అని రాసేవాళ్ళం.