సెయిలర్స్ హోమ్‌లు ఎందుకు పుట్టాయి? ఇప్పుడు షిప్పెక్కేవాడికి వాటితో పనేముంది?

రాయపురం నుంచి ఒకరు అడిగారు: తమ్ముడు త్వరలో షిప్పెక్కుతున్నాడట. హార్బర్లలో ఉండే సీమెన్ క్లబ్బులు, సెయిలర్స్ హోమ్‌లు మతప్రచారానికి పెట్టినవేనా, వాటితో వాడికి పని పడుతుందా అని.

చర్చివాళ్ల చెయ్యి ఉన్న మాట నిజమే. కానీ వాటి అవసరం పుట్టింది జీతం డబ్బు దగ్గర. తెరచాపల కాలంలో ప్రయాణం ముగిశాకే నావికుడికి జీతం ఒక్కసారిగా చేతికొచ్చేది. ఓడ రేవు చేరగానే దళారులు పైకెక్కి, అతని పెట్టె మోసుకెళ్లి తమ పూటకూళ్లింట్లో దించేవారు. తిండి, సారా అంతా అప్పే. డబ్బు కరిగిపోగానే మరో ఓడకు కుదిర్చి, అతనికొచ్చే అడ్వాన్సు చీటీని తక్కువకు కొనేసేవారు. ఓడ కదిలాక గాని ఆ చీటీకి డబ్బు రాదు, కాబట్టి జేబు ఖాళీ అయినవాడు ఇచ్చినంతకు అమ్ముకోవాల్సిందే. కొత్త ఓడలో మొదటి నెల చాకిరీ పాత అప్పుకే సరి.

లండన్ రేవుల దగ్గర వెల్ స్ట్రీట్‌లో 1835లో తెరిచిన సెయిలర్స్ హోమ్ నావికుణ్ణి ఈ దళారి చేతుల్లోంచి తప్పించాలని చూసింది. 1850 బ్రిటిష్ చట్టంతో, నావికుల్ని ఓడలకు కుదుర్చుకునే ప్రభుత్వ షిప్పింగ్ ఆఫీసులొచ్చాయి. అడ్వాన్సు చీటీలను 1880లో చెల్లవన్నారు, 1889లో నెల జీతం మేరకు మళ్లీ ఒప్పుకున్నారు. దళారి అంత తేలిగ్గా పోయే మనిషి కాదు.

ఆ రోజుల్లో మన కళాసీల (ఓడ కూలీల) బతుకు ఇంకా కష్టం. వాళ్లను కుదిర్చేది వాళ్ల పెద్ద, అంటే సరంగే, అతనికి ముడుపు కట్టందే ఓడ దొరికేది కాదు. లండన్‌లో దిక్కులేకుండా మిగిలిపోయిన ఆసియా నావికుల కోసం లైమ్‌హౌస్‌లో 1857లో స్ట్రేంజర్స్ హోమ్ తెరిచారు. దానికి మహారాజా దులీప్ సింగ్ 500 పౌండ్లిచ్చారు. 1876లో పూర్తయిన బొంబాయి రాయల్ ఆల్ఫ్రెడ్ హోమ్ ప్రధానంగా యూరోపియన్ నావికులకు. ఇప్పుడది మహారాష్ట్ర పోలీసు కార్యాలయం.

కంటెయినర్లొచ్చాక ఓడ రేవులో నిలిచే సమయం వారాల నుంచి గంటలకు పడిపోయింది. 2004లో ఓడలు, రేవులకు ఐఎస్‌పీఎస్ అనే అంతర్జాతీయ భద్రతా నియమాలతో గేట్లు బిగుసుకున్నాయి. మంచాల కన్నా గేటు దాకా వ్యాను, సిమ్ కార్డు, వైఫై, మాట్లాడే మనిషి ముఖ్యమయ్యారు. నావికుల హక్కులపై దేశాల ఒప్పందమైన 2006 మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌లోని 4.4 నిబంధన రేవుల్లో ఈ సంక్షేమ సౌకర్యాల గురించే. మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది.

మీ తమ్ముడి విషయంలో దళారి ఇప్పుడు ఏజెంటు రూపంలో ఊళ్లోనే ఎదురవుతాడు. ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలడిగితే అక్కడే లేచి వచ్చేయమనండి. కన్వెన్షన్ ప్రకారం నావికుడి మీద పడదగిన ఖర్చులు మూడే: మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు. వీసా ఖర్చు ఓడ యజమానిది. ఏజెంటు ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల్ని కుదిర్చే లైసెన్సు) నంబరు, నౌకారంగాన్ని చూసే ప్రభుత్వ విభాగమైన డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో ఉందో లేదో, గడువు తీరిందో లేదో చూడండి. సంతకాలైన ఒప్పందం కాపీ చేతిలో లేకుండా విమానం ఎక్కనివ్వొద్దు. జీతంలో కొంత నెలనెలా ఇంటికి పంపేలా ముందే రాయించుకోవాలి.

ఓడెక్కిన రోజే, గోడకు అంటించి ఉండాల్సిన ఓడ యజమాని బీమా సర్టిఫికెట్‌కు ఫోటో తీసుకోమనండి. రెండు నెలలు జీతం ఆగితే కన్వెన్షన్ దాన్ని నావికుణ్ణి వదిలేయడం కిందే లెక్కిస్తుంది. బకాయి జీతం నాలుగు నెలల మేరకు ఆ బీమా భరించాలి. చాలామంది ‘వచ్చే నెల ఇస్తాం’ అన్న మాట నమ్మి ఈ పరిమితి దాటాక అడుగుతారు, ఆపై నెలల డబ్బుకు వేరే పోరాటం తప్పదు.

రేవులో దిగాలంటే ఓడ చేరకముందే కెప్టెన్ ద్వారా ఆ రేవులోని ఓడ ఏజెంటును షోర్ పాస్ (ఒడ్డుకు దిగే అనుమతి) అడగాలి. టెర్మినల్ యార్డులో నడవొద్దు, సీమెన్ క్లబ్బు వ్యాను పిలవాలి. దిగనివ్వకపోతే, క్లబ్బు తరఫున ఓడలు చూసొచ్చే మనిషిని పైకి రమ్మని కబురు పెట్టొచ్చు. జీతం గొడవైతే ఐటీఎఫ్ (రవాణా కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య) ఇన్‌స్పెక్టర్ని ఎలా కలవాలో వాళ్లకు తెలిసే ఉంటుంది.