ట్రాప్, స్కీట్ నేర్చుకోవాలంటే ముందు తుపాకీ కొనాలా?

కర్నూలులో ఉంటాను, గాల్లోకి లేచే బిళ్లలను తుపాకీతో పగలగొట్టే ట్రాప్, స్కీట్ ఆటలు నేర్చుకోవాలి, ముందు లైసెన్సు పెట్టుకోవాలా లేక క్లబ్బులో చేరాలా అని అడిగావు తమ్ముడూ. తుపాకీ జోలికి పోకు. ముందు క్లబ్బుకు పోయి వాళ్ల తుపాకీతో ఓ పాతిక బిళ్లలకు గురి తప్పి రా.

నేను హైదరాబాద్ పోయి నేర్చుకున్నా. ఇక్కడి నుంచి 210 కిలోమీటర్లు, చీకటితో బస్సెక్కితే టిఫిన్ వేళకు దిగొచ్చు. మొదటిసారి మా మామ కూడా వచ్చాడు. బుడ్డల చేనుకు కాపలాగా ఆయన దగ్గర తాతల నాటి డబుల్ బ్యారెల్ ఉంది. పందులను బెదరగొట్టను గాల్లోకి పేల్చడమే గానీ దేన్నీ కొట్టిన పాపాన పోలేదు. మాటలు మాత్రం కోటలు దాటతాయి.

అక్కడ పిట్టంటే బిళ్ల. 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. క్లే అంటారు గానీ సున్నపురాయి పొడి, పిచ్ (తారు లాంటిది) కలిపి పోసింది. చేతిలోంచి జారితే అప్పడంలా విరుగుతుంది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చిప్ప కోసం ఇంత దూరం రావాల్నా అప్పా?" అన్నాడు.

"పుల్" అని అరవగానే ఎదుట గుంతలోంచి బిళ్ల లేచింది. మామ తీరిగ్గా ఒక కన్ను మూసి గురి కుదుర్చుకున్నాడు. ఆయన ట్రిగ్గర్ నొక్కేసరికి బిళ్ల నేల మీద ఉంది. పది పేల్చాడు, పదీ గాలికే. కోచ్ నవ్వు ఆపుకుంటూ, "రెండు కళ్లూ తెరవండి సార్. గొట్టాన్ని కాదు, పిట్టను చూడండి. పేల్చాక కూడా చెయ్యి ఆపకండి" అన్నాడు. ఈ ఆట మొత్తం ఆ మూడు ముక్కల్లోనే ఉంది.

నాకు పాతికకు మూడు తగిలాయి. మూడోది గాల్లోనే పొడైపోయింది. దాని కోసమే ఇప్పటికీ పోతున్నా. తుపాకీ వెనక కొసను భుజానికి గట్టిగా ఆనించకపోవడంతో భుజం వంకాయ రంగుకు తిరిగింది. అమ్మ పసుపు, సున్నం పట్టు వేస్తుంటే పక్కింటి అవ్వ వచ్చి, "ఎవరితో కొట్లాడినాడు?" అంది. సినిమాలు మన సీమను అట్లా చేసిపెట్టాయి మరి.

స్కీట్ తర్వాత చూసుకో. అందులో పిట్ట కనబడేదాకా తుపాకీ నడుము దగ్గరే ఉండాలి, ఎనిమిది చోట్ల నుంచి కాల్చాలి. ట్రాప్‌లో ముందే భుజానికి పెట్టుకోవచ్చు.

అసలు ఖర్చు తూటాలది. ట్రాప్‌లో ఒక్కో పిట్టకు రెండు దెబ్బలు వేయొచ్చు, అంటే పాతిక పిట్టల రౌండుకు యాభై దాకా లేస్తాయి. పోటీల్లో క్వాలిఫికేషనే 125 పిట్టలు. మనవాళ్లేమో తుపాకీ ధర తప్ప ఇంకేమీ అడగరు, గోడకు తగిలించుకోవడానికే అన్నట్టు. ఆ గోడకైనా ఉంటుందా? ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలామందిని స్టేషన్‌లో పెట్టి రమ్మంటారు. మామది 2024లో అట్లా పోయి తుప్పుతో తిరిగొచ్చింది. నూనె గుడ్డ కట్టి ఇచ్చినా ఎవరూ ముట్టినట్టు లేదు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ ట్రాప్‌లో కాంస్యం, జట్టుతో స్వర్ణం తెచ్చాడు. మా వీధిలో ఒక్కరికీ తెలీదు, పిస్టల్ పతకాలైతే అందరికీ కంఠతా.

మామ మాత్రం ఆ రోజు గాలి ఎక్కువగా ఉండిందనే ఇప్పటికీ చెప్తాడు.