హిస్టమిన్ సంగతి తర్వాత, ముందు ఆ రక్తం ఎక్కడిదో తేల్చుకోండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. డస్ట్ అలర్జీకి ఏళ్ల తరబడి సెట్రిజిన్ వాడుతున్నాను. పెద్దపేగు క్యాన్సర్ దగ్గర హిస్టమిన్ ఇమ్యూనిటీని తగ్గిస్తుందని, కొన్ని ఎసిడిటీ మాత్రలు దాన్ని ఆపుతాయని చదివాను. మా నాన్నగారు ఆ క్యాన్సర్‌తోనే పోయారు. ముందుజాగ్రత్తగా రోజూ ఫామోటిడిన్ వేసుకోవచ్చా? పైల్స్ వల్ల నాలుగు నెలలుగా అప్పుడప్పుడు రక్తం పడుతోంది, ఆయింట్‌మెంట్ రాస్తున్నాను.
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయమే నాకు టెన్షన్‌గా ఉంది. అవి పైల్సేనని ఎవరైనా డాక్టర్ చూసి చెప్పారా, మెడికల్ షాపులో చెప్పారా? ఎర్రటి రక్తం పడితే పైల్సే అనుకోవడానికి లేదు. మలాశయంలో కణితి ఉన్నా అలాగే పడుతుంది. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా. ఆయింట్‌మెంట్‌తో రక్తం నాలుగు రోజులు ఆగితే తగ్గిందనుకుంటారు, మళ్లీ పడేసరికి నెలలు గడిచిపోతాయి. నాన్నగారిని ఈ జబ్బుకే పోగొట్టుకున్న మీరు ఇన్నాళ్లు ఆగాల్సింది కాదండీ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ క్యాన్సర్ వస్తే, పిల్లలకు ఏ లక్షణం లేకపోయినా సాధారణంగా 40 ఏళ్లకే కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోమంటాం. వారికి చిన్న వయసులోనే వచ్చుంటే ఇంకా ముందే.

ఇక హిస్టమిన్. అలర్జీలో ముక్కు కారేలా చేసే ఈ పదార్థం పేగు గోడలోని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల్లోనూ ఉంటుంది. కణాల మీదుండే రిసెప్టర్లకు (గ్రాహకాలకు) అతుక్కుని ఇది పనిచేస్తుంది. సెట్రిజిన్ వాటిలో హెచ్1 రిసెప్టర్‌ను, ఫామోటిడిన్ హెచ్2ను అడ్డుకుంటాయి. హెచ్2 ద్వారా హిస్టమిన్ ఇమ్యూనిటీకి పనికొచ్చే కొన్ని టి కణాల (ఒక రకం తెల్లకణాల) జోరు తగ్గించగలదు. అందుకే 1990లలో పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారికి ఫామోటిడిన్‌లాగే హెచ్2ను అడ్డుకునే సిమెటిడిన్ ఇచ్చి చూశారు, కొన్ని చిన్న ట్రయల్స్‌లో మేలు కనిపించింది. కానీ 2011లో వచ్చిన ఒక పరిశోధనలో, హిస్టమిన్ తయారు చేసుకోలేని ఎలుకలకే పేగులో కణితులు ఎక్కువగా వచ్చాయి. అది లేక కొన్ని తెల్లకణాలు పూర్తిగా ఎదగలేదు, ఆ కణాలే కణితి పెరగడానికి తోడ్పడ్డాయి. ఏ కణం మీద, ఏ రిసెప్టర్ ద్వారా పనిచేస్తోందన్నదాన్ని బట్టి మేలో కీడో ఉంటుంది. కాబట్టి క్యాన్సర్ రాకుండా ఫామోటిడిన్ వేసుకోమని నేను చెప్పలేను, మీ అంతట మీరు మొదలుపెట్టకండి. సెట్రిజిన్ గురించి కంగారు వద్దు, అయితే ఏళ్ల తరబడి వాడుతున్నారు కాబట్టి ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇది క్యాన్సరని గానీ కాదని గానీ అనలేను. ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టునో సర్జన్‌నో కలవండి. వేలితో చేసే పరీక్షకు మొహమాటపడకండి. హిమోగ్లోబిన్ చూపించుకోండి, కొలనోస్కోపీ మీకు అవసరమవుతుందనే నా అభిప్రాయం. ఐరన్ మాత్రలు గానీ రక్తం పలచబడే మందులు గానీ వాడుతుంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో లేదో వాళ్లే చెబుతారు.