గ్లకోమా ఆపరేషన్ అయ్యాక మళ్లీ ప్రెషర్.. అల్ట్రాసౌండ్ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. ఎడమ కంటికి గ్లకోమా ఆపరేషన్ అయింది. వారం తిరక్కుండానే నొప్పి మొదలై, చూపు మసకబారింది. కంట్లో ప్రెషర్ బాగా పెరిగిందని, ‘మాలిగ్నెంట్ గ్లకోమా’ కావచ్చని డాక్టర్ కంటికి అల్ట్రాసౌండ్ స్కాన్ రాశారు. ఇది క్యాన్సరా? కుడి కంటికీ ఆపరేషన్ కావాలంటున్నారు, చేయించవచ్చా?

సమాధానం: క్యాన్సర్ కాదు, ఆ టెన్షన్ వదిలేయండి. గ్లకోమాకు ఇచ్చే మామూలు చికిత్సకు ఇది లొంగదు కాబట్టి 1869లో ఫాన్ గ్రేఫే అనే జర్మన్ కంటి వైద్యుడు ఆ పేరు పెట్టారు. కానీ స్కాన్ మాత్రం వాయిదా వేయకండి. ప్రెషర్ వల్ల ఆప్టిక్ నరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు.

కంట్లో ఊరే నీరు కంటిపాప గుండా ముందుకొచ్చి బయటికి పోవాలి. ఈ జబ్బులో అది దారి తప్పి వెనక ఉన్న జెల్లీ వైపు చేరుతుంది. దాంతో లెన్స్, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) రెండూ ముందుకు తోసుకొచ్చి, నీరు పోయే దారి మూసుకుని ప్రెషర్ పెరుగుతుంది.

ఎవరికి వస్తుందంటే, ముఖ్యంగా చిన్న కళ్లున్నవారికి. కంటి నిడివి మామూలుగా 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకంటే బాగా పొట్టిగా ఉంటే లోపల చోటు ఇరుకు. మీ అమ్మగారు చిన్నప్పటి నుంచీ ప్లస్ పవర్ అద్దాలు వాడుతుంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి. యాంగిల్ క్లోజర్ రకం గ్లకోమా (నీరు బయటికి పోయే మూల మూసుకుపోయేది) ఉన్నవారిలో, ఆడవాళ్లలో ఎక్కువ. శుక్లాల ఆపరేషన్, లేజర్ తర్వాత కూడా రావచ్చు.

ఇక స్కాన్ సంగతి. ఆపరేషన్ తర్వాత కంటి వెనక పొరలో రక్తం చేరినా నొప్పి, ప్రెషర్ ఇలాగే ఉంటాయి, చికిత్స మాత్రం వేరు. మూసిన రెప్ప మీద చేసే అల్ట్రాసౌండ్, అంటే బి-స్కాన్, ఆ తేడా పట్టిస్తుంది, కంటి నిడివీ కొలుస్తుంది. యూబీఎం అనే మరో రకం అల్ట్రాసౌండ్ స్కాన్ ఐరిస్ వెనక ఏముందో చూపిస్తుంది. కాంతితో తీసే ఓసీటీ స్కాన్ అక్కడిదాకా సరిగా చూడలేదు. నీరు ఊరే సీలియరీ బాడీ ముందుకు తిరిగి ఉంటే అనుమానం బలపడుతుంది. అయినా నా లెక్కలో డాక్టర్ సన్నని కాంతిరేఖ వేసి మైక్రోస్కోపుతో కన్ను చూసే స్లిట్ ల్యాంప్ పరీక్షదే పెద్దపీట. స్కాన్‌లో ఏమీ తేలలేదని చికిత్స ఆపకూడదు.

ముందు కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్ చుక్కలు, ప్రెషర్ తగ్గించే మందులు ఇస్తారు. చాలామందికి వీటితోనే కొన్ని రోజుల్లో తగ్గుతుంది. లేదంటే లేజర్, ఆపైన జెల్లీ తీసే విట్రెక్టమీ. తగ్గింది కదా అని అట్రోపిన్ మీ అంతట మీరు మానేయొద్దు, మళ్లీ తిరగబెడుతుంది.

కుడి కంటికీ ఈ ముప్పు ఉంది. ఆపరేషన్ వద్దని కాదు. ఎడమ కంటి రిపోర్టులన్నీ చూపించి, నిడివి కొలిపించి, ముందు జాగ్రత్తలు మాట్లాడుకున్నాకే తేదీ పెట్టించుకోండి. ఇంట్లో కంటిపాపను చిన్నది చేసే పాత పైలోకార్పిన్ చుక్కలుంటే పక్కన పెట్టండి, ఈ జబ్బును అవి పెంచుతాయి.